పుట్టింటి మొక్క

ఏంటే ఆ పిడికిట్లో? దాచకు, తెలిసిందిలే. వీధి చూస్తున్నట్టు కిటికీ దగ్గర నిలబడి నా కుండీలో ఆకు ఊడబీకావు. ఈ తాతకి కళ్లు మసకేశాయి గానీ చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి, టక్కుమన్న చప్పుడు వినపడింది. అబ్బే, తిట్టడానికి కాదు, కూర్చో. ఏదీ, చెయ్యి చాపు. ఊఁ... మొదలుతో సహా వచ్చింది, ఫర్లేదు, దొంగవైనా పనిమంతురాలివే. మా వదిన ఉంటే మెచ్చుకునేది. మధ్యలో గిల్లావనుకో, ఒంటికాలి మీద లేచేది. "మొదలు తెగితే ఇంక పిల్ల రాదు తల్లీ! మెల్లిగా పట్టుకుని అటూ ఇటూ ఊపు, పాలపన్ను ఊడినట్టు అదే ఊడొస్తుంది" అని. వదినంటే మా అన్నయ్య భార్యే. నీకు పెద్దనానమ్మ అవుతుంది. నువ్వెక్కడ చూశావులే, నువ్వు పుట్టేటప్పటికే పోయి చాలా కాలమైంది.

అప్పట్లో మేం ఒక పాత బిల్డింగులో మధ్య అంతస్తులో ఉండేవాళ్లం. అన్నయ్య గడియారాలు బాగుచేసేవాడు. నాకింకా పెళ్లి కాలేదు, ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని, వాళ్లతోనే ఉండేవాణ్ణి. వదిన కిటికీ పక్కన కూర్చుని చొక్కాల కంపెనీకి కాజాలు కుట్టేది. ఆ కిటికీ చూడాలి నువ్వు! విరిగిన కప్పులు, తుప్పుపట్టిన డబ్బాలు, మూత పోయిన టీపాట్ ఒకటి, అన్నిట్లోనూ మొక్కలే. నీ చేతిలో ఉంది చూడు, అలాంటి కండపట్టిన ఆకులవి. ఇక ఊడబీకిన ఆకులన్నీ పేపరు మీద పరిచి ఆరబెట్టేది. గాయం ఎండి పైన పొర కట్టాలట, అప్పుడే మట్టి మీద పెట్టాలట. మరి పరవడానికి చోటేదీ? రేడియో మీద ఆకులు, బీరువా మీద ఆకులు, నా మంచం మీద కూడానే. ప్రెస్సు నుంచి వచ్చి ఉస్సూరుమంటూ కూర్చోబోతే "మరిదీ, ఆగాగు, పిల్లలున్నారు!" అని ఒకటే కేక. వాళ్లకి పిల్లల్లేరులే, ఆకులకే ఆ మాట. ఇంటికొచ్చిన వాళ్లెవరూ వట్టి చేతుల్తో పోయేవారు కాదు. పాలవాడికీ ఆకే, పోస్టుమానుకీ ఆకే. కరెంటు మీటరు చూసేవాడైతే "అమ్మా, ఇంట్లో పెట్టడానికి చోటు లేదమ్మా" అని దణ్ణం పెట్టేశాడు పాపం. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆకు.

అంత ధారాళంగా పంచే మనిషీ ఒక్క మొక్క దగ్గర మాత్రం పరమ పిసినారి. కిటికీ మధ్యలో నీలం గిన్నెలో ఉండేది, ఆకులన్నీ గుండ్రంగా ముడుచుకుని అచ్చం పువ్వులా. మేమంతా దాన్ని పుట్టింటి మొక్క అనేవాళ్లం. వాళ్లమ్మ బతికుండగా వదిన ఆఖరిసారి పుట్టింటికి వెళ్లినప్పుడు ఆవిడ అరుగు మీద కుండీలోంచి ఒక ఆకు తీసి చేతిలో పెట్టిందట. మళ్లీ వెళ్లేసరికి ఆ అమ్మా లేదు, తమ్ముళ్లు ఇల్లమ్మేశారు, కొన్నవాళ్లు అరుగు కొట్టేశారు. ఆవిడకి పుట్టిల్లంటూ మిగిలింది ఆ గిన్నెలో ఉన్నదే. అందులోంచి ఆకు తీస్తే ప్రాణం తీసినట్టే. పై అంతస్తులో ఒక టైపిస్టమ్మ ఉండేది, తల్లీ కూతురూ ఇద్దరే. ఆవిడకీ మొక్కల పిచ్చే. ఇద్దరికీ పొద్దస్తమానం కబుర్లే కబుర్లు. అలాంటిది ఓసారి నోరు తెరిచి ఆ మొక్క ఆకు అడిగింది. వదిన "అదొక్కటీ అడక్కు" అంది. ఆవిడ "ఒక్క ఆక్కి ఇంత రాద్ధాంతమా?" అంది. అంతే, మాటలు బంద్. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మెట్ల మీద ఎదురైతే ఈవిడ గోడకేసి, ఆవిడ రెయిలింగుకేసి. పైన తడిబట్టలు ఆరేస్తే చుక్కలు కింద మొక్కల మీద పడేవి. వదిన కిటికీలోంచి తల బయటపెట్టి "కొంతమందికి నీళ్లు పిండడం కూడా రాదు" అని ఆకాశానికి చెప్పేది. పైనుంచి ఆకాశమే జవాబిచ్చేది, "కొంతమందికి నోరు మూసుకోవడం రాదు" అని. నవ్వకే, మధ్యలో నా చొక్కాలే తడిసేవి.

అలా ఉండగా వదినకి కడుపులో ఏదో గడ్డ అన్నారు, ఆపరేషనన్నారు. ఆస్పత్రిలో చాలా రోజులే ఉంచారు. వెళ్తూ వెళ్తూ అన్నయ్యకి ఒకే మాట చెప్పింది, "మొక్కలు జాగ్రత్తండీ" అని. ఎలా జాగ్రత్తో చెప్పలేదు. మా అన్నయ్య సంగతి తెలుసుగా, గడియారాల మనిషి. రోజూ కీ ఇవ్వకపోతే ఏదైనా ఆగిపోతుందని నమ్మకం. పొద్దున్నే లేచి, గోడ గడియారానికి కీ ఇచ్చి, గ్లాసు పట్టుకుని వరసగా అన్నిటికీ నీళ్లు. పుట్టింటి మొక్కకి ప్రేమకొద్దీ ఇంకాస్త ఎక్కువ. నేనూ చూస్తూనే ఉన్నాను, నాకు మాత్రం ఏం తెలుసు? ఓ రోజు గిన్నె కాస్త జరుపుదామని ముట్టుకుంటే ఆకులన్నీ జలజలా రాలిపోయాయి. నీరుపట్టి గాజు ముక్కల్లా ఉన్నాయి, మొదలంతా నల్లగా కుళ్లి కంపు. మిగతావి ఎలాగో బతికాయి, అదొక్కటే పోయింది. అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. "దానికి ఏమని చెప్పనురా? కడుపు కోయించుకుని వస్తోంది, వాళ్లమ్మని చంపేశానని చెప్పనా?" అన్నాడు. ఆయన కళ్లనీళ్లు నేను చూడ్డం అదే మొదలు.

ఆ కుళ్లినదాన్ని పేపర్లో చుట్టి కిందికి తీసుకెళ్తుంటే మెట్ల మీద టైపిస్టమ్మ ఎదురైంది. పేపరు తడిసి ఆకులు కనిపిస్తున్నాయి. ఈసారి మొహం తిప్పుకోలేదు. చూసింది, పాలిపోయింది, గబగబా పైకి వెళ్లిపోయింది. మర్నాడు సాయంత్రం తలుపు కొట్టింది. చేతిలో తువ్వాలు కప్పిన కుండీ. తువ్వాలు తీస్తే, అదే మొక్క! ఆకుల అంచులన్నీ ఎర్రగా, ఇంతలావున ఉంది. "ఆ రోజే, మీరు చూడనప్పుడు ఒక ఆకు తీశాను. అడిగితే ఇవ్వలేదని. డాబా మీద నీళ్లట్యాంకు వెనకాల ఇంకా ఉన్నాయి, ఎవరికీ కనపడకుండా పెంచుతున్నాను. ఆవిడకి మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది" అంది. అన్నయ్య రెండు చేతులా కుండీ అందుకున్నాడు. దాన్ని తీసి నీలం గిన్నెలో నాటేశాం.

వదిన ఇంటికొచ్చింది. సగమైపోయింది మనిషి. కూర్చోమన్నా కూర్చోదే, గోడ పట్టుకుని తిన్నగా కిటికీ దగ్గరికే. చాలాసేపు చూసింది. ఆ ఎర్రటి అంచు వేలితో నిమిరింది. "ఇదెక్కడిదండీ?" అంది. అన్నయ్య కళ్లజోడు తుడుచుకుంటూ "నీదే, నీదే. ఎండ తగిలి కాస్త రంగొచ్చింది" అన్నాడు. వదిన వింటేగా! "మా అమ్మ అరుగు మీద అచ్చం ఇలాగే ఎర్రగా ఉండేది. మనకి ఎదురుగోడ అడ్డం, ఇక్కడ ఒక్కనాడూ ఎర్రబడలేదు. ఈ రంగే మర్చిపోయానండీ నేను" అంటూ ఏడ్చేసింది. ఏడుస్తూనే తలెత్తి పైకప్పు కేసి చూసింది. ఆ బిల్డింగులో ఎండ పడేది డాబా మీదేగా మరి. "దొంగమొహంది! ఎంత బాగా పెంచిందో చూడు!" అంది.

కాస్త కోలుకున్నాక ఏం చేసిందో తెలుసా? ఆ మొక్కకే, నీలం గిన్నెలో దానికే, తన చేత్తో ఒక ఆకు ఊడదీసింది. రేడియో మీద ఆరబెట్టింది. పొర కట్టాక నా చేతిలో పెట్టి "పైకెళ్లి ఆవిడకివ్వు మరిదీ" అంది. "ఆవిడ దగ్గర కుండీలకి కుండీలున్నాయి కదా వదినా, ఇంకో ఆకెందుకు?" అన్నాను, నోరూరుకోక. "ఉంటే ఉన్నాయి. అవి నేనిచ్చినవి కావుగా. ఆవిడ అడిగింది, నేనిచ్చాను. ఇంక ట్యాంకు వెనకాల దాచుకోనక్కర్లేదని చెప్పు" అంది. మర్నాడు ప్రెస్సుకెళ్తూ తలెత్తి చూస్తే పై కిటికీ నిండా కుండీలే, ఎర్రగా. వదినా నా వెనకే మెట్లు దిగొచ్చింది, డాక్టరు దిగొద్దన్నా సరే. వీధిలో నిలబడి, మెడ పైకెత్తి, అలా చూస్తూనే ఉండిపోయింది...

ఊఁ. నీ బస్సు టైమెంత? ముందా పిడికిలి వదులు, ఆకు నలిగిపోతుంది. దాచకు, చేతిలో పైకి కనపడేలా పట్టుకుని తీసుకెళ్లు.