ట్రక్కు కింద దిమ్మ

నా పేరు సంజీవరావు, తండ్రి సాంబమూర్తి. వయసు నలభై ఏడు. కూచిపూడి నుంచి పామర్రు వెళ్ళే రోడ్డు పక్కన పంతొమ్మిదేళ్ళుగా ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. చక్రి అనే ఇంకో మెకానిక్ షెడ్డు రోడ్డుకు అవతల, నాకు ఎదురుగా ఉంది. అతను వచ్చి రెండేళ్ళయింది.

18-11-2024 సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు రైతు హనుమయ్య గారు ధాన్యం తోలే తొట్టి ట్రక్కును ట్రాక్టర్ వెనక తగిలించి తెచ్చి చక్రి షెడ్డు ముందు నిలిపారు. తొట్టిని పైకెత్తే హైడ్రాలిక్ సిలిండర్ నుంచి ఆయిలు కారుతోంది. ఆ సిలిండర్‌కు ఈ ఏడాది నేనే రెండుసార్లు ఆయిలు ఆపే రబ్బరు సీళ్ళు మార్చాను. రెండుసార్లూ నెల తిరక్కుండా కారింది. నేను రోడ్డు దాటి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు.

చక్రి తొట్టి ఎత్తించి, సిలిండర్ రాడ్ తుడిచి, దాని మీద బొటనవేలి గోరు నడిపాడు.

"ఇక్కడ గీత పడిందండీ. గోరుకి తగులుతోంది చూడండి. సీలు ఎన్నిసార్లు మార్చినా ఇది కోసేస్తది."

హనుమయ్య గారు నా వైపు తిరిగి, "ఏమయ్యా సంజీవరావూ, నీ వేళ్ళకి గోళ్ళు లేవా?" అన్నారు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. చక్రి నవ్వలేదు. అతను కూడా నవ్వి ఉంటే బాగుండేది. హనుమయ్య గారు అతన్ని చక్రి గారూ అంటారు. నన్ను ఏమయ్యా అంటారు.

అందరూ వెళ్ళాక చక్రి తొట్టి కింద ఎడమవైపు ఒక తుమ్మ దిమ్మ నిలబెట్టాడు. ఎత్తిన తొట్టి కింద పని చేసేటప్పుడు అది మీద పడకుండా అలా ఆపు పెడతాం. ఆ దిమ్మ నాది. నా షెడ్డు వెనకే ఇల్లు. వెళ్ళి నా భార్య మాధురిని అడిగాను.

"పొద్దున చక్రి అడిగితే ఇచ్చాను. 'వదినా, ఒక్క పూట ఇస్తారా' అని ఎంత మర్యాదగా అడిగాడో. మీరూ ఉన్నారు, ఎందుకు?" అంది.

11.40కి చక్రి టీకి వెళ్ళాడు. నేను వెళ్ళి చూశాను. తొట్టి ఇంకా దిమ్మ మీదకు దిగలేదు, వేలెడు సందుంది. దిమ్మ తీసి నా షెడ్డుకు తెచ్చుకున్నాను. నా వస్తువు నేను తెచ్చుకున్నాను. అతను వచ్చి అడుగుతాడు, నలుగురి ముందూ ఇవ్వనంటాను అనుకున్నాను.

11.55కి చక్రి వచ్చాడు. కుడివైపు నుంచి తొట్టి కిందికి దూరాడు. చేతిలో స్పానర్ ఉంది. నేను నా షెడ్డులోనే ఉన్నాను, పిలిస్తే వినపడేంత దూరం. పిలవలేదు. గొట్టం నట్టు వదులు చేయగానే ఆయిలు చిమ్మి తొట్టి పడింది. అతని కుడిచెయ్యి తొట్టికీ చట్రానికీ మధ్య ఇరుక్కుంది. జాకీ తెచ్చి తొట్టి లేపింది నేనే.

ఆ సాయంత్రం ఇదే పోలీస్ స్టేషన్‌లో, చక్రి దిమ్మ పెట్టుకోలేదని చెప్పాను. అది అబద్ధం. మాధురి మా షెడ్డులో దిమ్మను చూసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

నిన్న విజయవాడ ఆసుపత్రికి వెళ్ళాను. చక్రి చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. హనుమయ్య గారు మంచం పక్కన ఉన్నారు. "గోరుతో గీత పట్టినోడివి, దిమ్మ ఎట్లా మర్చిపోయావయ్యా?" అన్నారు. నన్ను అన్నట్టే అయ్యా అన్నారు, గారూ అనలేదు. రెండేళ్ళుగా నేను వినాలనుకున్న మాట అది.

"పెట్టాననే గుర్తండీ. మందుల మత్తేమో, తెలీట్లేదు," అని చక్రి నా వైపు చూశాడు. "అన్నా, నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా. పెట్టానా?"

నేను పళ్ళ సంచీ మంచం కింద పెట్టాను.

"పోనీలే. ఆ రాడ్ నువ్వు మార్చన్నా. కోతల్లో ఆయన బండి ఆగిపోయింది."

చక్రి ఆ రోజు దిమ్మ పెట్టాడు. అడుగున చెక్క వేసి, తిన్నగా నిలబెట్టాడు. పంతొమ్మిదేళ్ళలో నేను ఏనాడూ అంత సరిగా పెట్టలేదు. అతని పనిలో తప్పు లేదు. ఈ ఒక్క మాట హనుమయ్య గారికి చదివి వినిపించమని కోరుతున్నాను.

నన్నెవరూ బెదిరించలేదు, నేర్పలేదు. రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం) సంజీవరావు
21-11-2024, ఉదయం 10.20