ఒక్క స్టార్ ఇచ్చిన డ్రైవరుగారికి

సభకు అధ్యక్షత వహిస్తున్న డిపో మేనేజరు సత్యనారాయణమూర్తిగారికి, ఈ ఉక్కలో భుజాన శాలువా, మెడలో మూడు దండలతో కూడా చిరునవ్వు చెదరకుండా కూర్చున్న నేటితో రిటైరవుతున్న సన్మానగ్రహీత యోబుగారికి, వారి అర్ధాంగి విజయకుమారిగారికి, ముందు వరసల్లోని డ్రైవర్లకు, కండక్టర్లకు, వెనక వరసల్లో కూర్చుని పులిహోర గిన్నె మూత ఎప్పుడు తీస్తారా అని చూస్తున్న నా సాటి మేధావులకు నమస్కారాలు.

పదకొండింటికి మొదలవ్వాల్సిన ఈ సభ నలభై నిమిషాలు ఆలస్యమైంది. అధ్యక్షులవారు ఇందాక మైకులో ‘అనివార్య కారణాల వల్ల’ అని చాలా హుందాగా సెలవిచ్చారు. అయ్యా, ఆ అనివార్య కారణం నేనేనండీ. ఎలాగన్నది కాసేపట్లో ఒప్పుకుంటాను, ఈలోగా ఎవరూ కుర్చీలు విసరకండి. (నవ్వులు)

నా పేరు నిరంజన్. ఈ పక్కనే ఉన్న వట్లూరులో ఇంజినీరింగు చదివాను. తాడేపల్లిగూడెంలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద గదిలో, నా క్లాస్‌మేట్ హిమజా నేనూ కలిసి ఫోన్లో ఆడుకునే బస్సు ఆటలు తయారు చేస్తాం. అదిగో, మూడో వరసలో మొహం చున్నీతో కప్పుకున్నది హిమజే. ఆమె సిగ్గుపడుతున్నది నన్ను చూసి కాదు, మా ఆటను తలుచుకుని.

ఆ ఆట పేరు ‘కొల్లేరు బస్ కింగ్’. దాని జన్మవృత్తాంతం సభాముఖంగా చెప్పక తప్పదు. ఏదో చలిదేశంలో ఎవరో తయారు చేసి అమ్మకానికి పెట్టిన బస్సు ఆటను మేము చవగ్గా కొని, దాని మీద మన ఊళ్ళ బోర్డులు అతికించి, పదకొండు రోజుల్లో విడుదల చేశాం. బోర్డులు మార్చాం గానీ కొండలు మార్చడం మర్చిపోయాం. అందుచేత మా ఆటలో గణపవరం దాటగానే మంచుకొండలు వస్తాయి. ప్రయాణికులు ఇరవై ఇద్దరూ సూటూ బూటూ వేసుకుని టై కట్టుకున్న కవలలు. గేదెను గుద్దితే అది పడిపోదు, నెమ్మదిగా ఆకాశంలోకి లేచి అక్కడే నెమరు వేస్తూ ఉంటుంది. వాన పడితే బస్సు లోపల పడుతుంది, బయట ఎండ కాస్తుంది. కొల్లేరు నీళ్ళు సిమెంటు రోడ్డంత గట్టిగా ఉంటాయి కాబట్టి, తెలివైనవాడెవడైనా రోడ్డు వదిలేసి సరస్సు మీద నుంచే కైకలూరు వెళ్ళిపోవచ్చు.

ఇంత చేసినా జనం ఆడారండీ. నవ్వుకోవడానికి ఆడారని మాకు తరవాత తెలిసింది. అందరూ నవ్వి ఊరుకుంటే, ఒక్క పెద్దమనిషి మాత్రం ఒక్కటంటే ఒక్క స్టార్ ఇచ్చి, కింద పద్నాలుగు వరసల అభిప్రాయం రాశారు. అది నాకు కంఠతా వచ్చు. ‘అయ్యా, నేను ఈ రోడ్డులో ముప్పై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. మంచు ఎక్కడా తగల్లేదు. మీ బస్సు రివర్సులో రెండు వందల స్పీడు వెళుతున్నది, మా డిపోలో ముందుకే అంత పోదు’ అని మొదలుపెట్టి, చివర ఇలా ముగించారు: ‘అన్నిటికన్నా పెద్ద తప్పు, మీ ఆటలో ఎవరి కోసం ఆగినా మార్కులు కోసేస్తున్నారు. ఆగకపోతే అది బస్సు ఎందుకవుతుంది, లారీ అవుతుంది గానీ. ఇట్లు, యోబు, డ్రైవరు, ఏలూరు.’

(చప్పట్లు) చప్పట్లు కొట్టింది ఎవరండీ? హిమజా, నువ్వు కూడానా?

ఆ రాత తీయించాలని నేను కైకలూరు బస్టాండుకు వెళ్ళాను. యోబుగారు స్టీరింగు తుడుచుకుంటున్నారు. నా గోడు మొత్తం విని, “తీసేస్తే మీ గేదె కిందికి దిగుద్దా బాబూ?” అన్నారు.

“దిగదండీ.”

“మరి ఎందుకు తీయడం? ఎక్కు, ముందు సీట్లో కూర్చో. ఫోను జేబులో పెట్టు.”

సభకు ఒక రహస్యం చెబుతాను. ఆ రోడ్డు మీద ఆట తయారు చేసిన నేను, ఆ రోడ్డును అప్పటిదాకా ఎప్పుడూ చూడలేదు. కొల్లేరు మీదుగా చాలాసార్లే వెళ్ళాను, ప్రతిసారీ ఫోను చూస్తూ వెళ్ళాను.

ఆ రోజు చిన్న వంతెన దాటాక, బోర్డు గానీ మనిషి గానీ లేని మలుపులో యోబుగారు బస్సు ఆపారు. రెండుసార్లు హారన్ కొట్టారు. ఇంజను ఆపేసి తీరిగ్గా కూర్చున్నారు. చూస్తే రోడ్డు పక్కన ఒక గంప బోర్లించి ఉంది. అంతే. పెద్దాయనకు ఎండదెబ్బ తగిలిందని నేను కంగారుపడి, “ఏవండీ, మంచినీళ్ళు కావాలా?” అని కూడా అడిగాను. ఆరు నిమిషాలు గడిచాక చేపల చెరువు గట్టు మీద నుంచి ఒకావిడ, నెత్తిన చేపల తట్టతో చకచకా నడిచి వచ్చింది. ఆవిడే ఇదిగో, ఈ పక్కన కూర్చున్న కృపమ్మగారు. చెరువు దగ్గరికి పోయే ముందు రోడ్డు పక్కన గంప బోర్లించి పోతే, ‘నేను వస్తున్నాను, నన్ను వదిలేసి పోకండి’ అని అర్థం. ఈ ఒప్పందం ఏ టైం టేబుల్లోనూ లేదు. అధ్యక్షులవారూ, మీరు విననట్టే ఉండండి. (నవ్వులు)

ఏలూరులో దిగుతూ బతిమాలాను, “ఏం చేస్తే ఇంకో స్టార్ ఇస్తారండీ?” అని. ఆయన తుడుపుగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. తరవాత అన్నారు: “నేను దిగిపోయాక ఈ బస్సెక్కే కొత్త డ్రైవరుకు గంప సంగతి ఎవరు చెబుతారు బాబూ? నేను చెబితే పెద్దాయన చాదస్తం అనుకుంటాడు. మీ ఆటలో నేర్పు. ఆట ఆడినోడు, నేను నోరు విప్పకుండా, ఆ గంప దగ్గర ఆగితే, అప్పుడు ఇస్తా రెండోది.”

అప్పటి నుంచి హిమజా నేనూ గంప మీద పడ్డాం. మొదటిసారి దాన్ని ఆటలో పెట్టినప్పుడు, బస్సు ఆగగానే గంప లేచి వచ్చి, టిక్కెట్టు తీసుకుని సీట్లో కూర్చుంది. కృపమ్మగారు మాత్రం సూటు వేసుకుని టై కట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయారు. అది మీకు చూపిస్తే ఏమన్నారో గుర్తుందా కృపమ్మగారూ?

“నా గంపకున్న పాటి యోగం నాకు లేదా బాబూ?” అన్నారు. తరవాత, “ఆ మెళ్ళో తాడేంటి?” అని కూడా అడిగారు.

సరే, నెల పట్టింది. టై విప్పాం, చీర కట్టాం. గంప కనిపిస్తే ఆగి, రెండు హారన్లు కొట్టి, ఓపిగ్గా కూర్చున్నవాడికి మార్కులు పెరిగేలా మార్చాం. వాన మాత్రం ఇంకా బస్సు లోపలే పడుతోంది, దాన్ని మన్నించాలి. యోబుగారి బస్సుకు కొత్తగా వచ్చిన డ్రైవరు భరత్, ఉండి ఊరి నుంచి వచ్చిన కుర్రాడు, ఈ రోడ్డు ఎరగడు. అతని ఫోన్లో ఆట ఎక్కించి, ‘ఊరికే ఆడుకో’ అన్నాం. గంప మాట ఎత్తలేదు.

పరీక్ష ఈ ఉదయమే జరిగింది. కైకలూరు నుంచి ఏలూరుకు, స్టీరింగు దగ్గర భరత్, ప్రయాణికుల సీట్లో యోబుగారు. ముప్పై రెండేళ్ళలో ఆ బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. గేరు మారినప్పుడల్లా క్లచ్ తొక్కే ఎడమకాలు మాత్రం దానంతటదే కదులుతోంది. నేను వెనక సీటు నుంచి ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను. అంతవరకూ ఈ వ్యవహారం నాకు స్టార్ గొడవే. ఆ కాలును చూశాక కాదు.

మలుపు వచ్చింది. గంప ఉంది. ఆ కాలు కదలడం మానేసింది.

భరత్ బ్రేకు వేశాడు. రెండు హారన్లు. ఇంజను ఆపాడు. కృపమ్మగారు గట్టు మీద నుంచి వచ్చి, డ్రైవరు సీట్లో కొత్త మొహం చూసి, “ఏం బాబూ, నీకెవరు చెప్పారు?” అన్నారు. “ఫోన్లో మిమ్మల్ని రోజూ ఎక్కిస్తున్నానండీ” అన్నాడు భరత్.

ఇక్కడితో నేను ప్రసంగం ఆపేస్తే నా పరువు దక్కేది. కానీ బస్సు బయల్దేరిన రెండో కిలోమీటరులో ఇంకో బోర్లించిన గంప కనిపించింది. భరత్ ఆగాడు. రెండు హారన్లు కొట్టాడు. ఎనిమిది నిమిషాలు కూర్చున్నాం. ఎవరూ రాలేదు. గంప కింద నుంచి ‘కొక్కొక్కో’ అని వినిపించింది. వెనక నుంచి ఒకాయన, “ఏవండీ, ఆ కోడి మనతో వస్తుందాండీ, రిజర్వేషనేమన్నా ఉందా?” అని అడిగాడు. ఆ తరవాత అలాంటి గంపలు ఇంకో నాలుగు వచ్చాయి. ప్రతి కోడికీ మేము సగౌరవంగా ఎనిమిది నిమిషాలు సమర్పించుకున్నాం. సన్మానం జరగాల్సిన మనిషి ఆ బస్సులోనే ఉన్నారు, మాట తప్పకూడదని నోరు నొక్కుకుని ఉన్నారు. ఇదండీ అధ్యక్షులవారూ, ఆ అనివార్య కారణం. (నవ్వులు, చాలాసేపు)

బస్సు దిగాక అడిగాను, “యోబుగారూ, కోడి గంపకీ కృపమ్మగారి గంపకీ తేడా మీకెలా తెలుస్తుందండీ?”

“కోడి గంప మీద రాయి పెడతారు, అది గంప లేపుకుని పోకుండా. కృపమ్మ తువాలు వేస్తది. నీకు చెప్పలేదూ?”

చెప్పలేదండీ. ముప్పై రెండేళ్ళుగా తెలిసిన సంగతి కాబట్టి, అది చెప్పవలసిన సంగతని ఆయనకే తెలియదు. ఇంకా అలాంటివి ఎన్ని ఉన్నాయో ఆయన లోపల. రేపటి నుంచి యోబుగారికి డ్యూటీ లేదని అందరూ అంటున్నారు. నా మనవి ఏమిటంటే, ఎరువుల కొట్టు మేడ మీద, ఫ్యాను కింద, ఒక కుర్చీ వేసి ఉంచాం. దాని ముందు స్టీరింగు కూడా ఉంది, ప్లాస్టిక్‌ది, కొంచెం తిప్పితే ఊడొస్తుంది. వచ్చి మమ్మల్ని తిడుతూ కూర్చోండి. గేదెను మీరే దింపాలి.

అయ్యా, ఒక్క నిమిషం. యోబుగారు ఫోను తీశారు. కళ్ళద్దాలు వెతుక్కుంటున్నారు. విజయకుమారిగారూ, అవి వారి నెత్తి మీదే ఉన్నాయండీ.

చూపిస్తున్నారు. రెండు. సభవారు గమనించాలి, రెండు స్టార్లు. కింద ఏదో రాశారు కూడా, చదువుతాను: ‘గంప బాగుంది. తువాలు లేదు, రాయి లేదు. సోమవారం వచ్చి చెబుతాను.’

ఇంతసేపూ ఓపిగ్గా ఆగినందుకు అధ్యక్షులవారికీ, పెద్దలకూ, పులిహోరకూ కృతజ్ఞతలు. నా స్టాపు వచ్చింది, దిగుతున్నాను. సెలవు.