నాలుక ఎలా ఉంది, తాతా?

2009. పుంగనూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్. గడ్డి మిషన్లో కుడిచెయ్యి నలిగిన సదుం గురప్ప ఆపరేషన్ బల్లమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలవైపు, చెయ్యి ఒక్కటే మొద్దుబార్చే మందు సూది పట్టుకుని మత్తు డాక్టరు నందిని. కాళ్లవైపు ఒక అట్ట పట్టుకుని సిస్టర్ చౌడమ్మ.

“...మూడు తేళ్లమ్మా! ఒగేతూరి మూడు కుట్నాయి ఈ కాలికి. కిక్కురుమన్నానా? పక్కనోడికి బీడీ ముట్టించి ఇచ్చినా.”

“కదలొద్దు తాతా. సూది లోపలుండాది.”

“మాట్లాడొద్దంటావా డాక్టరమ్మా?”

“మాట్లాడు. మాట్లాడతానే ఉండు. నీ మాట వినపడతా ఉంటేనే నాకు ధైర్యం.”

“ఈ ముక్క మా ఇంటిది యాబై ఏండ్లలో ఒగనాడన్నా అనిండ్లా!”

“చౌడమ్మా, చదువు.”

“ముందుపక్కా మేడమ్, వెనకపక్కా?”

“ముందుపక్క. వెనకపక్కతో పని పడకూడదు.”

“సరే మేడమ్. తాతా, చెవుల్లో హోరుందా?”

“లేదు సిస్టరమ్మా.”

“నోట్లో ఇనుము నాకినట్టుందా?”

“ఇంట్లో సంగటి పెట్టుకోని ఇనుము యాల నాకతాను?”

“నాలుక తిమ్మిరెక్కిందా?”

“నా నాలికా? దానికి తిమ్మిరెక్కితే సదుంలో పండగ చేస్తారు. అవును డాక్టరమ్మా, ఏం అట్ట అది? పెండ్లి పత్రిక్కి గూడా అంత లావు అచ్చరాలెయ్యరే.”

“నేనే రాసినాను తాతా. మొదట ఇంగ్లీషులో రాసింటి. పేజీ నిండా, చీమలు పారినట్టు.”

“ఎవురు సదివిరి?”

“ఎవరూ చదవలా. కుప్పం ఆస్పత్రిలో అది గోడకే ఉండింది. అందరమూ ఒకేసారి అరిచినాము, ఒక్కరూ గోడపక్క చూడలా.”

“కుప్పంలో ఏమాయ?”

“మేడమ్, ఇప్పుడెందుకు ఆ మాట...”

“ఉండు చౌడమ్మా. అడగనీ.”

“సెప్పమ్మా. మూడు తేళ్లోడికి బయమా?”

“గంగులమ్మని ఒకామె. ఇట్లే చెయ్యి. ఇదే మందు. నరం చుట్టూ నిలవాల్సింది రక్తంలోకి పోయింది. చెవుల్లో హోరొస్తాండాదని ఆమెకు ముందే తెలిసింది. పక్కనుండే ఆయమ్మకు చెప్పిందంట, గుసగుసగా. ‘డాక్టరమ్మకు చెప్పొద్దు, పన్లో ఉండాది’ అనిందంట.”

“పాయనా?”

“...పోయింది.”

“మర్యాదకు పాయ!”

“అందుకే ఇప్పుడు మేమే అడగతాము. చదివే మనిషి చదివేదే, ఇంకేం ముట్టుకోదు. మాటలు గూడా చిన్నవి, తెలుగువి.”

“వెనకపక్క ఏం రాసినావు?”

“మందు ఆపు. ఆక్సిజన్ పెట్టు. తెల్లసీసా ఎక్కించు. ఒక్కరే చెప్పాల, అందరూ అరవొద్దు.”

“తెల్లసీసా అంటే పాలా?”

“పాలమాదిరి ఉంటాది తాతా. నూనెమందు. విషాన్ని పీల్చుకుంటాది.”

“మందు ఆపేస్తే మల్ల నా సెయ్యి?”

“ఈ పొద్దు ఆపరేషనుండదు. కడుపునిండా సంగటి తినొచ్చినావు, పూర్తి మత్తిచ్చి నిద్రపుచ్చలేను. మదనపల్లెకు పంపించాల.”

“ఆడికి పొయ్యేలోపల నా సేతి ఏళ్లు?”

“మాట్లాడొద్దులే కాసేపు.”

“ఇప్పుడే గదా మాట్లాడమంటివి. ఏళ్లు ఉంటాయా ఉండవా?”

“చెప్పలేను తాతా. ఇప్పటికే రంగు మారినాయి.”

“కుడిసెయ్యమ్మా. పాలు పిండే సెయ్యి.”

“తెలుసు. మెల్లిగా ఇస్తాండాను. చౌడమ్మా, మళ్లీ చదువు.”

“తాతా, చెవుల్లో హోరుందా?”

“లేదు.”

“నోట్లో ఇనుము నాకినట్టు?”

“లేదంటి గదా.”

“నాలుక తిమ్మిరి?”

“బాగుండాది. బలే బాగుండాది. కానీమ్మా, నీ పని నువ్వు కానీ.”

“ఇంకొంచెం ఇస్తాండా. ఆ తేళ్ల కథ చెప్పు తాతా.”

“మూడు గాదులేమ్మా. ఒగటే.”

“ఒగటేనా?”

“అదీ సచ్చిందే. మా తమ్ముడు దారం కట్టి నా పంచలోకి ఇడిసినాడు. నేను పెట్టిన కేకలకు పలమనేరు బస్సు నిలబడిపాయ.”

“బీడీ ముట్టించి ఇచ్చినానంటివే?”

“వాడే నా నోట్లో పెట్నాడు, అరుపు ఆపేదానికి.”

“నవ్వించొద్దు, నా చెయ్యి కదుల్తాది.”

“నవ్వమ్మా... కుప్పం మాట ఎత్తినాక... నీ మొగం సూడలేక పోతాండా...”

“తాతా, మాట యాల సాగదీస్తాండావు?”

“ముసిలోన్ని... గదా.”

“ఇందాక లేదే. చౌడమ్మా, ముఖం చూడు.”

“పెదవులు అదరతాండాయి మేడమ్!”

“ఆపొద్దమ్మా... సెయ్యి...”

“ఆపేసినా. తాతా, నాపక్క చూడు. నాపక్క! ఇప్పుడు చెప్పిన దాంట్లో ఏది కల్పించినావు?”

“సచ్చిన తేలు... నిజ్జం. బస్సు... అదీ నిజ్జమే. ఒగటేనమ్మా కల్పించింది... నాలిక బాగుండాదని.”