షార్జాల మొదటి దెబ్బ

హలో… ఆ, నేనే బావా, దేవేందర్‌ను… సజ్జా లేబర్ క్యాంపుల లేను, షార్జాల ఫంక్షన్ హాల్ కాడున్న… నవ్వుతున్ననా? ఆగుతలేదు బావా! ఇయ్యాల నేను పెండ్లిల కొడుతున్న!

…డప్పు కాదు, బెందీరు. మొరాకోళ్ళది. మన డప్పు లెక్కనే గుండ్రంగ ఉంటది, పుల్లలుండయ్, వేళ్ళతోనే… నాతోని వెల్డింగ్ చేస్తడు సూడు, ఇలియాస్, వాని చెల్లె పెండ్లి.

…వాడే నేర్పిండు, జుమ్మా జుమ్మాకు, సుట్టి ఉన్న నాడు. దుమ్ అంటే నడుమ, తక్ అంటే అంచుకు. ఆరు దెబ్బల తాళం బావా, మనం ఆగే కాడ వాళ్ళు మొదలువెడ్తరు! ఇగ పాటనైతే అడుగకు… వాళ్ళ రాగం మన హార్మోనియం రెండు మెట్ల సందుల పోయి కూసుంటది. ఆ మెట్టే లేదు మనకు!

…యాడిది, నిన్నటిదాక కొట్టనియ్య అన్నడు. నీ చెయ్యి తాళం కంటె ముందే ఉరుకుతది అన్నడు. అచ్చం నీ మాటనే! ఊర్ల డప్పు దళంల ఏండ్లకేండ్లు నీ వెనకనే నిలవడ్డ. మొదటి దెబ్బ ఒక్కనాడన్న ఇచ్చినవా?… ఆ, నవ్వు నవ్వు.

ఇను. పొద్దుగాల ఉక్కకు బెందీరు తోలు మెత్తవడ్డది. ఇలియాస్ తానం చేస్తున్నడు. నేనేం జేసిన?… గదే! మెస్సుల పొయ్యి మీద కాపిన!

…ఒర్లకు బావా! అడుగలే, నిజమే. వాని నాయన ఇచ్చినదట. తువ్వాల మీదనే ఉరికొచ్చిండు — ఖలాస్, నా పని అయిపోయిందనుకున్న. గుంజుకున్నడు. ఒక్క దెబ్బ కొట్టి సూసిండు… ఖంగుమన్నది!

…తిట్టుడా? నన్ను ఎత్తుకోని తిప్పిండు! వాళ్ళ ఊర్ల గూడ గిట్లనే కాపుతరట. ఇయ్యాల నువ్వే మొదలువెట్టు అన్నడు.

…అవ్ బావా. మొదటి దెబ్బ. నాదే.

…భయం కాదా మరి. చెయ్యి ఉరికితె?… ఏందీ?… మల్లొకపారి అను… నా వెనక నువ్వు నిలవడ్తవా? ఫోన్లనా?… డప్పు గూడ తీస్కున్నవా! నువ్వు మా బావవేనా?

…పెండ్లికొడుకు వచ్చిండు, పిలుస్తున్నరు — యల్లా ఇలియాస్, వస్తున్న! — కట్ జెయ్యకు బావా. ఫోన్ కుర్చీ మీద పెడుతున్న. నేను కొట్టినంకనే నువ్వు…

దుమ్—