పడవ బ్యాటరీ మారిందన్న నా ఫిర్యాదు గురించి

నా పేరు వేమూరి పుణ్యవతి. భర్త కీర్తిశేషులు విశ్వేశ్వరరావు గారు. నా వయసు డెబ్బై రెండు. కాకినాడలో డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నల్లగండ్లలో మా అబ్బాయి తేజ దగ్గర ఉంటున్నాను. వృత్తి అన్నచోట ఏం రాయమంటారని పోలీస్ స్టేషన్ రైటరు గారు అడిగారు. రిటైర్డ్ లెక్చరర్ అని రాయమన్నాను. నిన్నటిదాకా ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇష్టంగానే ఉండేది.

మా అపార్ట్‌మెంట్ల ఆవరణలో ఒక కుంట ఉంది. అమ్మేటప్పుడు బిల్డరు దాన్ని సరస్సు అన్నాడు. అందులో గుర్రపుడెక్క తీయడానికి అసోసియేషన్ వాళ్ళు బ్యాటరీతో నడిచే పడవ కొన్నారు. ఆదివారాలు పిల్లల్ని అందులో తిప్పుతారు. పడవ నడిపేది మల్లయ్య. సొంతూరు వనపర్తి దగ్గర, ఇక్కడ నానక్‌రామ్‌గూడలో కిరాయికి ఉంటున్నాడు. అతని కోడలు సరిత మా బ్లాకులోనే మూడిళ్ళలో వంట చేస్తుంది. పడవ కమిటీకి కన్వీనర్‌ని నేను. కమిటీలో ఇంకెవరూ లేరు.

నిన్న ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు నేను, నా మనవరాలు రసజ్ఞ, ఇంకో నలుగురు పిల్లలు పడవ ఎక్కాము. పావుగంట తిరిగామో లేదో మోటారు మూలిగి ఆగిపోయింది. దీపం వెలుగుతోంది గానీ, మోటారు స్విచ్ వేయగానే అది కూడా ఆరిపోతోంది. పడవ అడుగున చేరే నీళ్ళు తోడే పంపు కూడా ఆగింది. గాలికి కొట్టుకుపోయి గుర్రపుడెక్కలో ఇరుక్కున్నాము. పిల్లల చెప్పులు పడవలో చేరిన నీళ్ళల్లో తేలుతున్నాయి. చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. మల్లయ్య నీళ్ళలోకి దిగాడు. ఛాతీ దాకా వచ్చాయి. తాడు భుజాన వేసుకుని మమ్మల్ని గట్టుకి లాగాడు. పైకి వచ్చేటప్పుడు అతని పాదం కోసుకుపోయి ఉంది. ఎవరో పారేసిన సీసా పెంకు గుచ్చుకుంది. నేను ఆ నెత్తురు చూశాను. చూసిన తరవాతే మాట్లాడాను. ఈ వాక్యం తప్పనిసరిగా ఉండాలని రైటరు గారికి చెప్పాను.

నేనన్నది ఇది: "కొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టావు. దాన్ని ఎవరికమ్మావు?"

మల్లయ్య, "అమ్మా, గదే బ్యాటరీ. నేను మార్చలే" అన్నాడు.

"అదే అయితే దసరా ముందు రెండు గంటలు నడిచింది ఇప్పుడు పావుగంటకే ఎందుకు పడిపోయింది? బ్యాటరీల గురించి నాకే చెప్తున్నావా?" అన్నాను.

అప్పటికి గట్టు మీద ఇరవై మంది దాకా చేరారు. అందరికీ వినపడేలాగే అన్నాను. క్లాసులో చివరి బెంచీకి వినపడాలని అలవాటైన గొంతు. బ్యాటరీ మీది లేబుల్ నీళ్ళకి చివికి నంబరు చెరిగిపోయి ఉంటే, కావాలనే గీకేశాడన్నాను. వాట్సాప్ గ్రూపులో పడవవాడు దొంగ అని పెట్టాను. ఏడు గంటలకు ఈ స్టేషనుకి వచ్చి ఫిర్యాదు రాసిచ్చాను. తొమ్మిదింటికి మల్లయ్యని తీసుకొచ్చారు. రాత్రంతా ఆ వరండాలో బెంచీ మీదే ఉన్నాడని ఈ ఉదయం తెలిసింది. నేను ఇంటికెళ్ళి ఇడ్లీ తిని నిద్రపోయాను. బాగానే పట్టింది.

ఈ ఉదయం పదింటికి ఎస్.ఐ. భవాని గారు, ఒక కానిస్టేబులు మల్లయ్యని తీసుకుని కుంట దగ్గరికి వచ్చారు. మల్లయ్య కాలికి గుడ్డ చుట్టి ఉంది. "మాకు ఈ కరెంటు సంగతులు తెలవయ్ మేడం, మీరే చూపించండి" అన్నారు ఎస్.ఐ. గారు. అది పాత బ్యాటరీ అని రుజువు చేద్దామనే నేను వోల్టులు కొలిచే మీటరు పట్టుకెళ్ళాను. వేరే ఉద్దేశంతో కాదు. నిజం బయటపెట్టిన గొప్ప నాకు రాకూడదని ఇది చెప్తున్నాను.

రబ్బరు టోపీల అంచులు కాస్త ఎత్తి, బ్యాటరీ సీసపు కొమ్ముల మీద, అంటే టెర్మినళ్ళ మీద, మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపించింది. చచ్చిన బ్యాటరీ అలా చూపించదు. కానీ ఊరికే ఉన్నప్పుడు చూస్తే సరిపోదు, పని చేయిస్తూ చూడాలి. కానిస్టేబుల్ని మోటారు స్విచ్ వేయమన్నాను. కొమ్ముల మీద పన్నెండుకి తగ్గలేదు. బ్యాటరీ బాగుంది. తరవాత ఎర్ర తీగ చివరి బిగింపు మీద పెట్టాను. ఏడు చూపించింది. కొమ్ముకి, దాన్ని పట్టుకున్న బిగింపుకి మధ్య అర అంగుళం లేదు. అంతలో ఐదు వోల్టులు పోయాయి. సరైన బిగింపులో వోల్టులో పదో వంతు పోతే ఎక్కువ. వేలు పెడితే వేడిగా ఉంది.

ఎర్ర రబ్బరు టోపీ పూర్తిగా తీశాను. తెల్లగా, పచ్చగా చిలుం పట్టి ఉంది. దాని కింద దారం. నారింజ రంగు పట్టుదారం, ఐదు చుట్లు. ఆ రంగు దారం రసజ్ఞ కుట్టుపెట్టెలోది. కట్టింది నేను.

దసరా నాడు పడవకి ఆయుధపూజ చేశాను. పసుపు దారం అయిపోతే పిల్ల పెట్టెలోంచి దారం తీసి పసుపు పూశాను. పడవకి కట్టి ఊరుకోవచ్చు. బ్యాటరీ పెట్టెకి కట్టి ఊరుకోవచ్చు. శక్తి ఎక్కడినుంచి వస్తుందో అక్కడే కట్టాలని నాకు తోచింది. బిగింపు వదులు చేసి, కొమ్ముకి దారం చుట్టి, తడి పసుపు కుంకుమ పెట్టి, దాని మీదే మళ్ళీ బిగించాను. శుభమని పాజిటివ్ కొమ్ముకే కట్టాను. నా చదువు, నా భక్తి కలిసి చేసిన పని ఇది. విడివిడిగా అయితే రెండూ ఇంత తెలివితక్కువ పని చేసేవి కావు.

బ్యాటరీ మారలేదనడానికి ఆ దారమే సాక్ష్యం. చెడిందెందుకో చెప్పేదీ అదే.

ఇంకోటి. ప్రతి నెలా మొదటి తేదీన బిగింపులు విప్పి, వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన వాజలీన్ రాయాలని మల్లయ్యకి నేర్పింది నేనే. అతను తప్పకుండా చేసేవాడు. దసరా తరవాత మానేశాడు. ఈ ఉదయం ఎస్.ఐ. గారి ఎదుట, దారం చూశావా అని అడిగాను.

"చూసిన. సాఫ్ చేద్దామని టోపీ తీసినప్పుడే చూసిన" అన్నాడు.

"మరి తీసెయ్యలేదేం?"

"మీరు పూజ చేసి కట్టిన దారం. ఎట్ల తెంపుత?"

"నాతో చెప్పచ్చు కదా."

"పడవ గుంజుతలేదని రెండుసార్లు చెప్పొస్తి. ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటున్నవా అంటిరి."

అన్నాను. రెండుసార్లూ అదే అన్నాను. మీటరు మా అల్మారాలోనే ఉంది. రెండుసార్లూ తియ్యలేదు.

అక్కడే దారం కోసి, కొమ్ము తళతళలాడేదాకా గీకి, సోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి బిగించాను. మోటారు వేస్తే రెండుచోట్లా పన్నెండే. కానిస్టేబులు ఎవరూ చెప్పకుండానే పడవ వేసుకుని కుంట చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, బాగా నడుస్తోందన్నాడు.

ఈలోగా మా బ్లాకులో జరిగింది కూడా రాయాలి. గ్రూపులో నా మాట చూసి రెండిళ్ళ వాళ్ళు సరితని రేపటినుంచి రావద్దన్నారు. గేటు దగ్గర ఆమె సంచీ వెతికారు. అందులో మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం డబ్బా ఉందట. నేను గ్రూపులో తప్పు నాదని మళ్ళీ పెట్టాను. దానికి దండం బొమ్మలు వచ్చాయి. మీ మనసు గొప్పదమ్మా అని ఒకావిడ రాసింది. సరితని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రమ్మనలేదు. ఆ రెండిళ్ళకీ సాయంత్రం నేనే వెళ్తాను.

ఉభయులూ రాజీపడ్డారని రాస్తే సరిపోతుందని అసోసియేషన్ ప్రెసిడెంటు సోమేశ్వరరావు గారు సలహా ఇచ్చారు. పెద్దవారు, పరువు పోతుందన్నారు. రాజీపడటానికి రెండు పక్కలా తప్పుండాలి. మల్లయ్య పక్క ఏమీ లేదు. నా ఫిర్యాదు అబద్ధం అని రాయమన్నాను. అలా రాస్తే మీకే ఇబ్బంది కావచ్చని ఎస్.ఐ. గారు చెప్పారు. విన్నాను. అలాగే రాయమన్నాను.

తరవాత వరండాలోకి వెళ్ళి మల్లయ్య ముందు నిలబడి, తప్పు చేశాను, క్షమించమన్నాను. నా గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. అతను వినపడలేదన్నాడు. బెంచీ మీద ఇంకో ఇద్దరు ఉన్నారు. మళ్ళీ చెప్పాను, వాళ్ళకి కూడా వినపడేలాగా. పనిలోకి రమ్మని అడిగాను. అతను కాలి గుడ్డ సర్దుకున్నాడు.

"వస్త. పడవ నేనే నడుపుత. మీరు మాత్రం ఎక్కకుండ్రి" అన్నాడు.

సరేనన్నాను. అది కూడా ఇందులో రాయమని అడిగాను, రేపు నేను మరిచిపోయినట్టు నటించకుండా.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే. రైటరు గారు చదివి వినిపించారు. నేను ఒక్క మాట కూడా మార్చమనలేదు. పోలీసుల ముందు చెప్పినదానికి సంతకం అక్కర్లేదని వారన్నారు. నిన్న రాసిన అబద్ధం కింద పూర్తి పేరుతో పెట్టాను కాబట్టి, ఈ నిజం కింద కూడా పెడుతున్నాను.

(సంతకం) వేమూరి పుణ్యవతి