పేరు లేని పిడికెడు

అట్లా గడపకు అవతలే నిలబడితే ఎట్లయ్యా? ఎండ నెత్తి మీద కాలుస్తా ఉంది. లోపలికి రండి. చెప్పులు విప్పకపోయినా పర్వాలేదు, నేల ఇంకా తుడవలేదు. ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చినాను.

ఈ కుర్చీ నిన్ననే కడిగినాను. కూర్చోండి. అట్లా అంచు మీద కూర్చుంటే జారిపోతారు. సరి, మీ ఇష్టం.

పాలు పోసి కాపీ పెట్టినాను. అడగకుండానే పెట్టినాను, తప్పయితే మన్నించండి. ఇంటికొచ్చిన మనిషిని అడిగి పెట్టే అలవాటు నాకు లేదు. అదిగో, స్టూలు మీద ఉంది.

ఎందుకొచ్చినారో నాకు తెలుసు. మీ బిడ్డ బృంద ఫోను చేసి ఏడ్చింది. మీ ఊరి తిరునాళ్ళకు సొంతమంతా, చుట్టాలంతా కూడినప్పుడు మీ పెద్దన్న సుందరరాజన్ ఆ పిల్లను అడిగినాడంట, హాస్టల్లో నిన్ను చదివించేది ఎవరని. దానికి దాచడం ఎక్కడ తెలుస్తుంది? మదురై పెద్దమ్మ అనింది. ఆమెకేమి పని అంటే, కార్పొరేషన్లో వీధులు ఊడుస్తుంది అనింది. అంతే గదా? పందిట్లో అందరూ ముద్ద కలపడం ఆపేసినారంట.

ఇప్పుడు బిడ్డను ఇంటికి తెచ్చేయమంటున్నారు. ఇంకొక్క ఏడాది ఉంటే పన్నెండో తరగతి అయిపోతుంది. నర్సింగు చదవాలని దానికి ఎంత ఆశో మీకు తెలియదా? తెచ్చి ఏమి చేస్తారు, మిరప చేలో కాయ కోయిస్తారా?

అవునా, కాదా? సరి.

నాకు కోపం లేదయ్యా. కోపం రావాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి గదా. తెల్లారకముందే పూలమార్కెట్టు దగ్గర చీపురు పట్టుకుంటాను. మదురై మల్లి అని ఊరంతా తలలో పెట్టుకుంటుందే, అమ్ముడుపోనిదంతా కుళ్ళి నా తట్టలోకి వస్తుంది. ఆ వాసన ఎంత సోపు పెట్టి కడిగినా చేతిని వదలదు. మళ్ళీ తెల్లారుతుంది, మళ్ళీ చీపురు. ఇంక కోపానికి వేళ ఏది?

ఒక్కటి మాత్రం అడుగుతాను. వాడిపట్టిలో హాస్టల్ పండగ జరిగిన రోజు జ్ఞాపకం ఉందా? నేను బృందతో తెలుగులో మాట్లాడతా ఉంటే, వెనక నుంచి వచ్చి మీరు మనవాళ్ళా అని అడిగింది ఎవరు? చుట్టూ అంతా తమిళం. మధ్యలో ఇంటి మాట చెవిన పడేసరికి మీ ముఖం విప్పారిపోయింది. ఆమా, అవును అన్నాను. తెలుగు మాట్లాడేవాళ్ళమే గదా, అందులో అబద్ధం ఏముంది? మీ తాతలూ మా తాతలూ ఒకే దోవన వచ్చింటారు, ఏ రాజు వెనకనో. మీ తాత గుర్రం మీద వచ్చింటాడు. మా తాత దాని పేడ ఎత్తుకుంటా వచ్చింటాడు.

ఆ రోజు నా డబ్బాలో చింతపండన్నం ఉండింది. మీరే చెయ్యి పెట్టి తీసుకొని తిన్నారు. తిని వేళ్ళు నాక్కొని, మా అమ్మ చేసినట్టే ఉందక్కా అన్నారు. బస్సెక్కేదాకా అక్కా, అక్కా అనే పిలిచినారు. ఈ రోజు వచ్చినప్పటి నుంచి చూస్తా ఉన్నాను, నన్ను ఏమనీ పిలవడం లేదు. మాట నోటి దాకా వచ్చి వెనక్కి పోతా ఉంది. పావం, మీకూ కష్టమే.

ఎందుకు చేస్తావక్కా ఇదంతా అని కూడా ఆ రోజు అడిగినారు. దేవుడి పని అని చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను.

మా ఇంటాయన ఇరుళప్పన్ మంచం పట్టినప్పుడు ఈ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆయన పక్కన ఉండి నేను పనికి పోలేదు, పనికి పోకపోతే ఇంటికి ఏమి వస్తుంది? అప్పుడు మా చర్చి సభ నుంచి పాస్టరమ్మ ఒక సంచిలో బియ్యం తెచ్చింది. పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం, రేషన్ బియ్యం, అన్నీ కలిసిపోయి ఉండినాయి. ఒకటి ఉడికితే ఒకటి ఉడకలేదు. ఏమిటమ్మా ఇది అంటే, పిడి బియ్యం అనింది. సభలో ఆడవాళ్ళు అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు, లేనివాళ్ళ కోసమని. ఎవరెవరి పిడికెడు నా ఇంటికి వచ్చిందో ఈనాటికీ తెలియదు. ఆయన చివరగా తాగిన గంజి ఆ బియ్యంతో కాచిందే.

ఆయన్ను పూడ్చి వచ్చినాక యేసుసామికి మాట ఇచ్చినాను, ఈ చెయ్యి ఆడినన్నాళ్ళూ ఒక బిడ్డ కంచంలోకి నా ఇంటి మెతుకు పోవాలని. నాకా, కడుపున పుట్టింది నిలవలేదు. పొయ్యి పక్కన మూత పెట్టి ఉందే, అదే నా పిడి బియ్యం కుండ. అందులో బియ్యం నెలనెలా హాస్టల్‌కు పోతుంది. ఫీజు నా సంబళంలో, నెల జీతంలో పోతుంది.

పాస్టరమ్మ హాస్టల్ బిడ్డల ఫోటోలు పరచి పేర్లు చదివింది. ఎవరిని తీసుకుంటావు అమరావతీ అనింది. తండ్రి పేరు చెన్నకేశవన్ అని మీ పేరు చదవగానే, ఈ బిడ్డ అన్నాను. తెలుగు బిడ్డ, మన బిడ్డ అని. మీరు చేసిన తప్పే నేనూ చేసినాను చూడండి. మనవాళ్ళే అనుకున్నాను.

ఇన్నేండ్లూ నా బియ్యం తిని పెరిగిన ఒళ్ళే గదయ్యా అది? ఇప్పుడు తీసుకుపోతే ఒంటిలో నుంచి నా బియ్యం కూడా ఏరేస్తారా?

సరి, సరి, లేవొద్దు. నోరు జారింది. కూర్చోండి.

మీరు చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషయితే నేరుగా వాడిపట్టికి పోయి బిడ్డ పెట్టె ఎత్తుకొని పోయి ఉంటారు. మీరే అన్నట్టు, విత్తనాలకని అన్నకు చెప్పి, మొదటి బస్సెక్కి ఇక్కడికి ఎందుకొచ్చినారు? బిడ్డ చదువు ఆపడానికి మీకు మనసు రావడం లేదు. ఏదైనా దోవ నేనే చెప్తానని వచ్చినారు.

దోవ ఉంది. జెపంలో కూర్చొని బాగా ఆలోచించినాను. మా సభలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంది. వాళ్ళ ఇంటి పేరు వింటే మీ అన్న మారు మాట్లాడడు. పాస్టరయ్యతో చెప్పి నా పేరు కొట్టేయించి ఆమె పేరు వేయిస్తాను. పోషించేవాళ్ళు మారిపోయినారని మీ ఊళ్ళో చెప్పుకోండి. బియ్యం ఈ కుండలో నుంచే పోతుంది. ఫీజు నా సంబళంలో నుంచే పోతుంది. ఎవరి చెయ్యి వేసిందో బియ్యం చెప్తుందా ఏమి?

ఏమి? ఇక్కడికి రాకూడదా? బృందా?

అది కూడానా.

రెండో శనివారం ఒక్క పూట వస్తుందయ్యా. వచ్చి నా తల చిక్కు తీస్తుంది. నా చెయ్యి పట్టుకొని వాసన చూసి, పెద్దమ్మా ఈ రోజు మల్లె ఎక్కువొచ్చిందా అని నవ్వుతుంది. అంతకంటే ఏమీ లేదు.

నేనే చెప్పాలా? మీరు చెప్తే వినదా? ఆమా, మీరు చెప్తే వినదు. సరి, నేనే చెప్తాను. పరీక్షల ఏడాది, ఇటు రావొద్దు అంటాను. ఏడుస్తుంది. ఏడ్చి ఊరుకుంటుంది.

మీ ముఖం ఎంత తేలికైపోయిందో చూడండి. వచ్చినప్పటి ముఖమే కాదు ఇది.

పోనీలెండి. నాకు ఎవరి పేరూ లేకుండానే వచ్చింది, నా పేరు లేకుండానే పోనీ. దేవుడికి తెలిస్తే చాలదా అంటుంది పాస్టరమ్మ. నిజం చెప్పాలంటే, చాలదయ్యా. హాస్టల్ వరండాలో పలక మీద బృంద పేరు పక్కన నా పేరు రాసి ఉంటుంది. నాకు చదువు రాదు, అయినా ఆ చోటు తెలుసు. పోయినప్పుడల్లా వేలు పెట్టి తడుముకొని వస్తాను. దేవుడి కోసం చేసిందాంట్లో అదొక్కటి నా కోసం ఉండింది. ఇంక అక్కడ ఏముంది తడుముకునేది.

లేచినారా? సరి, ఇప్పుడు పోతేనే బస్సు దొరుకుతుంది. కాపీ అక్కడే ఉంచండి, మీగడ కట్టేసింది. నేనే తాగుతాను. పాలు పారబోసే ఇల్లు కాదిది.

వినబడింది, వినబడింది. వస్తానక్కా అన్నారు. గడప లోపలుండి అన్నారు. అవతల వీధిలో, టీ అంగడి ముందర పది మంది కూర్చొని ఉన్నారే, అక్కడ నిలబడి ఒక్కసారి అంటారా?

లేదు గదా.

సరి, పోయి రా తమ్ముడా. మెట్టు తడిగా ఉంది, చూసి దిగు.