రెండో ఆడగొంతు

ఆడమనిషా? నా గదిలోనా? ఇంటి ఓనరైతే మాత్రం ఏం మాటలండీ ఇవి, లింగమూర్తిగారూ!

కూర్చోండి. ముందీ సీడీ వినండి. ‘పాపరపా... జూజూజూ...’ విన్నారా? అదీ మీ ఆడమనిషి. ఇరవై పాటల్లో పదకొండింట్లో పాడింది మహాతల్లి, ఒక్కదాంట్లోనూ ఒక్క మాట లేదు.

క్లబ్బు పాటలా? కాదండీ బాబూ. లాంజ్ మ్యూజిక్ అంటారు. నలభయ్యేళ్ల కిందట పెద్ద హోటళ్లలో, జనం భోంచేస్తుంటే పక్కన వాయించేవాళ్లు. అందరూ మరిచిపోయారు. ఇప్పుడెవరో పాత రికార్డుల్లోంచి ఏరి, ఇలా సీడీలకెక్కిస్తున్నారు. మా ఆఫీసులో దినేశ్ ఇచ్చాడు. మొదట నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడది వినకపోతే అన్నం దిగట్లేదు.

ఏంటీ? మీ పనిమనిషి యాదమ్మ రెండు గొంతులు విందా? రెండోది నవ్విందా? ఎప్పుడు?

మధ్యాహ్నమా!

అయ్యా, లెక్క మీరే చూడండి. మధ్యాహ్నం నేను హైటెక్ సిటీలో, ఆ కొత్త గుండ్రటి బిల్డింగులో ఉంటాను. ఈ గదికి తాళంచెవులు రెండు. ఒకటి నా జేబులో. రెండోది? మీ ఇంట్లో మేకుకి వేలాడట్లేదూ?

అనుమానం మీకొక్కరికేనా? నాకూ వారం నుంచి ఉంది. సీడీ ఓ డబ్బాలో పెట్టి వెళ్తే, ఇంకో డబ్బాలో ఉంటోంది. గదంతా జర్దా కిళ్లీ వాసన. మీరేమోనని చాటుగా మీ పళ్లు కూడా చూశాను, ఏమనుకోకండి. చివరికి నిన్న మధ్యాహ్నం పని వదిలేసి వచ్చాను.

పట్టుకున్నాను కూడా. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇక అడక్కండి.

‘ఇగ సామాను తియ్యి’ అంటారా? ‘మా అమ్మ ఉండే ఇల్లు, గిసోంటివి నడవవు’ అంటారా? సరే, నా చేత మాట తప్పిస్తున్నది మీరే.

ఆ రెండో గొంతు మీ అమ్మగారిది. సీతాబాయమ్మగారిది.

మీరు పుట్టకముందు సికింద్రాబాదులో ఓ హోటల్లో గిన్నెలు తోమేదట. వంటింటి తలుపుకి అవతలే బ్యాండు. ‘గప్పుడు చాటుకెళ్లి ఇన్న బిడ్డా, జర మల్ల పెట్టు’ అంది. నవ్వుతూ, కాళ్లాడిస్తూ. ‘మా లింగంకు చెప్పకు. “మా అమ్మ గడప దాటలే” అని అందరికి చెప్పుకుంటడు’ అని కూడా అంది.

అలా చూడకండి. ఖాళీ చేయమంటే రేపే చేస్తాను. ప్లేయరూ సీడీ మాత్రం ఆవిడకే ఇచ్చి పోతాను. తర్వాత మీ ఇంట్లోంచి ఆడగొంతు వినిపిస్తే ఎవర్ని ఖాళీ చేయిస్తారో, మీ ఇష్టం.